తాత బిళ్లలు

మా చెల్లెలి కొడుకు కెనడాలోని మాంట్రియల్‌లో చదువుతున్నాడు. పోయిన డిసెంబరులో ఇంటికి వచ్చినప్పుడు అందరికీ చాక్లెట్లు, స్వెట్టర్లు తెచ్చాడు. నాకు మాత్రం చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒక రాగి బిళ్ల ఇచ్చాడు. "పెద్దమ్మా, ఇది నీ కోసమే కొన్నా. దీని మీద మన అంగడి ఉంది చూడు" అన్నాడు.

కౌంటరు మీద లైటు కిందికి జరిపి చూశాను. ఒకవైపు దాగలి, బెంచి వైసు, పార, పొడుగాటి కొడవలి. రెండోవైపు ఇంగ్లీషు అక్షరాలు: టి. ఎస్. బ్రౌన్ అండ్ కో, ఇంపోర్టర్స్ ఆఫ్ హార్డ్‌వేర్స్, మాంట్రియల్. అంచు అరిగిపోయింది, దాగలి ముక్కు మాత్రం ఇంకా తెలుస్తోంది. 1830లలో ఒక ఇనుప సామాన్ల వ్యాపారి తన అంగడి పేరుతో కొట్టించి, అర పెన్నీ కింద జనం చేతికి ఇచ్చిన బిళ్ల అది. ఆ పూట ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చి నిలబడ్డా నేను తల ఎత్తలేదట. మా అంగడి పిల్లోడే సామాను తూకం వేసి పంపించాడు.

మాది చిత్తూరు బజారు వీధిలో ఇనుప సామాన్ల అంగడి. తాత పెట్టాడు, నాయన నడిపాడు. నాయనకు కాలూ చేయీ పడిపోయినప్పటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, నేను కూర్చుంటున్నాను. మేకులని పుస్తకాల్లో రాస్తారు గానీ మా దగ్గర చీలలంటేనే అందరికీ తెలుస్తుంది. చీలలు, కొక్కేలు, గొలుసులు, బావి గిలకలు, ఎద్దుల పగ్గాలు, కొబ్బరి తాడు, నైలాన్ తాడు, బెల్లం పెనాలకు పిడులు, తారు డబ్బాలు. వీటన్నిటి మధ్య పుట్టి పెరిగిన నాకు, ఎక్కడో సముద్రం పక్కన ఇవే సామాన్లు అమ్మిన వాళ్లు ఉన్నారనీ, వాళ్లు సొంతంగా నాణేలు కొట్టించారనీ యాభై ఏళ్లు దగ్గరపడ్డాక తెలియడం ఆశ్చర్యంగా ఉంది. అప్పటి నుంచి రాత్రి అంగడి కట్టేశాక దొరికినవన్నీ చదువుతున్నాను. చదివింది ఎవరికైనా చెప్పాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

రేవు ఊళ్లలో ఓడలకు సామాన్లు అమ్మే వ్యాపారిని షిప్ చాండ్లర్ అంటారు. ఆ మాటకు మొదట కొవ్వొత్తులు అమ్మేవాడని అర్థం. తర్వాత ఓడకు కావలసిన ప్రతిదీ అతని అంగడిలోకి చేరింది: జనపనార తాళ్లు, తెరచాప గుడ్డ, తారు, లంగరు గొలుసులు, లాంతర్లు, గిలకలు, రాగి చీలలు. పాత తాళ్లను పీచు పీచుగా విప్పి, ఆ పీచును చెక్క పలకల సందుల్లో దట్టించి పైన తారు పోసేవాళ్లు. లేకపోతే ఓడలోకి నీళ్లు ఊరతాయి. ఆ పీచు కూడా అక్కడే అమ్మేవాళ్లు. దూర ప్రయాణం వెళ్లే ఓడ ఈ అంగడి ముందు ఆగకుండా కదిలేది కాదు. నావికుడికి జీతం వచ్చేది ప్రయాణం అయిపోయాక. అందుకే అప్పు రాసుకోవడం, చిల్లర సర్దడం, ఎవరు తిరిగి వస్తారో ఎవరు రారో అంచనా వేయడం ఆ వ్యాపారంలో సగం పని. ఈ సగం నాకు ఎవరూ వివరించక్కరలేదు.

చిల్లర దగ్గరే కథ మొదలైంది. బ్రిటిష్ వలసల్లో పెద్ద నాణేలు ఎలాగో దొరికేవి గానీ రాగి డబ్బులకు ఎప్పుడూ కరువే. కూలీకి అర పెన్నీ ఇవ్వాలన్నా, గుప్పెడు చీలలకు చిల్లర తిరిగివ్వాలన్నా చేతిలో ఏమీ ఉండేది కాదు. అందుకని వ్యాపారులే ఇంగ్లండులో బిళ్లలు కొట్టించుకుని ఓడల్లో తెప్పించుకున్నారు. కెనడా తూర్పు తీరంలో హాలిఫాక్స్ అనే రేవు ఉంది. 1812లో అమెరికాతో యుద్ధం మొదలయ్యాక అక్కడికి బ్రిటిష్ యుద్ధనౌకలూ సైన్యమూ వచ్చి పడ్డాయి. ఊరు నిండా బేరాలే, చిల్లర మాత్రం లేదు. 1814 నుంచి 1816 దాకా అక్కడి వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు తమ పేర్లతో అర పెన్నీ బిళ్లలు వదిలారు. మైల్స్ డబ్ల్యూ. వైట్ అనే వ్యాపారి 1815లో ఇచ్చిన బిళ్ల మీద పీపా బొమ్మ ఉంటుంది, దాని మీద చీలలని రాసి ఉంటుంది. రాజు తల ఉండాల్సిన చోట చీలల పీపా! ఆ ఫోటో ప్రింటు తీయించి, చీలల డబ్బాల పైన గోడకు అంటించాను.

ఇందులో లాభం లేకపోలేదు. బిళ్లలోని రాగి విలువ దాని మీద రాసిన విలువ కంటే తక్కువ. వంద బిళ్లలు బయటికి వెళ్లి తొంభై మాత్రమే తిరిగొస్తే మిగిలిన పది కూడా వ్యాపారికే. పైగా ప్రతి జేబులోనూ అంగడి పేరు తిరుగుతూ ఉంటుంది. ఈ రెండు ఆశలకూ తలొగ్గిన కొందరు తేలికైన రాగితో, కొందరు అసలు పేరు కూడా లేకుండా కొట్టించారు. పేరు లేని బిళ్లను ఎవరి కౌంటరు మీద పెట్టి మార్చుకోవాలి? చివరికి హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా వలస ప్రభుత్వం 1817లో ప్రైవేటు బిళ్లల్ని చలామణి నుంచి తీసేయమని చట్టం చేసింది. అదే ఏడాది ఇంగ్లండు కూడా తన వ్యాపారుల బిళ్లల్ని నిషేధించింది. మాంట్రియల్, క్విబెక్ వైపు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు నడిచాయి. క్విబెక్ ఎగువ పట్నంలో జె. షా అనే ఇనుప సామాన్ల కంపెనీ 1837లో ఇచ్చిన బిళ్ల మీద కూడా పనిముట్ల బొమ్మలే.

మావాడు తెచ్చిన బిళ్ల మీది బ్రౌన్ గురించి చదివినప్పుడు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. థామస్ స్టారో బ్రౌన్ 1803లో పుట్టాడు. మాంట్రియల్‌కు వచ్చి ఇనుప సామాన్ల వ్యాపారం పెట్టాడు. అక్కడి సెయింట్ లారెన్స్ నది చలికాలమంతా గడ్డకట్టి ఉండేది. మంచు కరిగాకే ఓడలు వచ్చేవి. అంటే ఆ కొన్ని నెలల్లోనే ఏడాది సరుకంతా దింపుకోవాలి. వ్యాపారం దెబ్బతింది. 1837లో ప్రభుత్వానికి ఎదురు తిరిగిన వాళ్లతో చేరి, నవంబరులో మాంట్రియల్ వీధుల్లో జరిగిన కొట్లాటలో ఒక కంటి చూపు పోగొట్టుకున్నాడు. అదే నెల సెయింట్ చార్లెస్ అనే ఊళ్లో తిరుగుబాటుదార్లకు నాయకుడిగా నిలబడ్డాడు. ఓడిపోయి అమెరికాకు పారిపోయాడు. క్షమాభిక్ష దొరికాక 1844లో తిరిగొచ్చి, 1888 దాకా బతికాడు. పారిపోయిన మనిషి పేరు ఊళ్లో వేల మంది జేబుల్లో ఉంది. ఆ పేరు చూసి ఎవరో ఆ సాయంత్రం రొట్టె ఇచ్చి ఉంటారు, ఎవరో వద్దని ఉంటారు. బిళ్లను వేళ్ల మధ్య తిప్పిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది.

ఆస్ట్రేలియాలో 1851లో బంగారం దొరికి జనం ఎగబడ్డాక అక్కడా ఇదే కరువు. సిడ్నీలో ఐరెడేల్ అనే ఇనుము వ్యాపారులు పెన్నీ బిళ్లలు వేశారు. మెల్‌బోర్న్‌లో రాబర్ట్ హైడ్ కంపెనీ బిళ్ల మీద జనరల్ మెరైన్ స్టోర్ అని ఉంటుంది. పేరు ఘనంగా ఉన్నా, వాళ్లు కొనేవి పాత గుడ్డలు, గాజు ముక్కలు, లోహపు తుక్కు. మన దగ్గర పాత ఇనుము కొనేవాళ్లలాంటి వ్యాపారమే, కాకపోతే ఓడల్లోకి ఎక్కించి పంపేవాళ్లు. ఆ వృత్తిని చిన్నచూపు చూసేవాళ్లు చాలామంది. వాళ్లు రాగి మీద తమ పేరు కొట్టించుకుని తల ఎత్తుకుని నిలబడ్డారని నాకు సంతోషంగా ఉంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా ప్రాంతంలో 1863లో ఆ బిళ్లలు చెల్లవన్నారు.

ఈ బిళ్లలు చాలావరకు తయారైన ఊరు బర్మింగ్‌హామ్. ఆ పేరు వినగానే నాకు తాత గొంతు వినిపించింది. మంచి తాళం చేతిలో పెట్టి "బర్మింగాం సరుకు" అనేవాడట. నాయన కూడా ఆ మాటను అలాగే అనేవాడు. తాళాలూ చీలలూ గొలుసులూ చేసిన ఆ ఊళ్లోనే మన మద్రాసు డబ్బులు కూడా తయారయ్యాయని ఇప్పుడే తెలిసింది. మాథ్యూ బౌల్టన్ అనే ఆయన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో నాణేలు కొట్టేవాడు. ఈస్ట్ ఇండియా కంపెనీ మద్రాసు కోసం పది కాసులు, ఇరవై కాసుల రాగి నాణేలు అక్కడే కొట్టించింది. మా అవ్వ పసుపు డబ్బాలో ఒక ఇరవై కాసుల నాణెం ఉండేది, 1808 నాటిది. ఒకవైపు సింహాలు, రెండోవైపు పర్షియన్ అక్షరాలు. పక్కింటి కంసాలి త్రాసు మీద పెడితే తొమ్మిది గ్రాములు తూగింది.

అదే 1808 తేదీ ఉన్న నాణేల్ని టన్నుల కొద్దీ ఎక్కించుకుని అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ మద్రాసుకు బయలుదేరింది. నాణేలతో పాటు లంగర్లు, గొలుసులు, ఇనుప కడ్డీలు కూడా ఉన్నాయి. 1809 జనవరిలో, ఇంగ్లండు తీరం దాటకముందే, గుడ్విన్ ఇసుక తిన్నెల మీద తుఫానులో మునిగిపోయింది. 1980లలో మనుషులు దిగి ఆ నాణేల్ని పైకి తీశారు. పీపాల్లో ఉన్నవి ఉన్నట్టే దొరికాయట. ఆ ఓడ మునగకుండా ఉంటే ఆ కాసులు ఈ వీధిలో బెల్లానికీ ఉప్పుకూ చేతులు మారేవి. 1801 నుంచి చిత్తూరు ఈస్ట్ ఇండియా కంపెనీ చేతిలోనే ఉండేది కదా.

ఇంకొక్క సంగతి చెప్పి ముందుకు వెళతాను, ఇనుము అమ్మే మనిషిగా దీన్ని వదల్లేను. మద్రాసుకు అప్పుడు కట్టిన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడితే మసూలా పడవలు అలల మీదుగా వెళ్లి సరుకు దింపుకొచ్చేవి. ఆ పడవలో ఒక్క చీల కూడా ఉండేది కాదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అల వచ్చి కొడితే కుట్టిన పడవ కాస్త వంగి ఊరుకుంటుంది, చీలలు కొట్టిన పడవ విచ్చిపోతుంది. ఇంగ్లండు నుంచి వచ్చిన చీలల పీపాలు, గొలుసులు, రాగి కాసులు అన్నీ చీల లేని పడవలోనే ఒడ్డుకు చేరాయి. ఆ పడవలు కుట్టినవాళ్ల పేర్లు ఏ రాగి మీదా లేవు.

ఇప్పుడు మా తాత బిళ్లల సంగతి.

మావాడు తెచ్చిన బిళ్ల చూశాక నాకు అటక మీది రేకు డబ్బా గుర్తొచ్చింది. చిన్నప్పుడు దాంట్లోంచి ఇత్తడి బిళ్లలు తీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లం. దింపి చూస్తే ముప్పై ఏడు ఉన్నాయి. రూపాయి కంటే కాస్త చిన్నవి, పైన తాడు గుచ్చుకోవడానికి బెజ్జం. ఒకవైపు 'వ' అక్షరం, తాత పేరులో మొదటిది. రెండోవైపు ఒక నిలువు గీత, అంటే ఒక అణా. ఇత్తడి రేకు కత్తిరించి ఉలితో చెక్కించినవి కాబట్టి ఏ రెండు 'వ'లూ ఒకలా ఉండవు. ఒక దానికి తలకట్టు కొట్టడం కూడా మరిచిపోయాడు చెక్కినాయన.

అప్పట్లో మాకు సరుకు మద్రాసు నుంచి రైల్లో వచ్చేది. గూడ్స్ షెడ్డు నుంచి అంగడికి మోసుకొచ్చే హమాలీలకు మూటకు ఒక బిళ్ల చొప్పున తాత చేతిలో పెట్టేవాడు. సాయంత్రం దీపం పెట్టాక బిళ్లలు లెక్కపెట్టి డబ్బులు ఇచ్చేవాడు. అవసరం ఉన్నవాడు ఆ రోజే మార్చుకుంటాడు, లేనివాడు మొలతాడుకు కట్టుకుని దాచుకుంటాడు. నాయన చెప్పేవాడు, ఎదురుగా ఉన్న టీ అంగడాయన కూడా మా బిళ్ల తీసుకుని టీ పోసేవాడని, వారానికొకసారి గుప్పెడు తెచ్చి తాత దగ్గర మార్చుకునేవాడని. ఆ నాలుగు అంగళ్ల దూరం దాటి వెళితే అది ఉత్త ఇత్తడి రేకు. హాలిఫాక్స్ బిళ్లకైనా ఇదే లెక్క, దాని వీధి ఇంకాస్త పొడుగు.

1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరుంబావు పైసలు, పావు పైసా నాణెం లేదు. ప్రభుత్వం వేసిన పట్టిక ప్రకారం ఒక అణాకు ఆరు, మూడు అణాలకు పందొమ్మిది, నాలుగు అణాలకు సరిగ్గా ఇరవై అయిదు. అంటే ఒక్కొక్క బిళ్ల మార్చుకుంటే హమాలీకి నష్టం. తాత అందరినీ కూర్చోబెట్టి, "నాలుగు అయ్యాక తెండిరా, పావలా తీసుకోండి. ఒక్కటే తెచ్చినా నేను ఏడు పైసలు ఇస్తా, ఆరు ఇవ్వను" అన్నాడట. ముక్కాలు పైసా తన మీద వేసుకున్నాడు. ఈ ముక్క నాయన ఎన్ని సార్లు చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ ఆయన గొంతు మారేది.

అమెరికాలో 1860లలో అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు జనం నాణేలన్నీ దాచేసుకుంటే, తపాలా బిళ్లల్ని చిల్లరగా వాడుకునేంత కరువొచ్చింది. అప్పుడు కూడా వ్యాపారులు సొంత రాగి సెంట్లు వేశారు. న్యూయార్కులో గుస్టావస్ లిండెన్‌ముల్లర్ అనే సారాయి అంగడి యజమాని పది లక్షలకు పైగా బిళ్లలు వదిలాడు. గుర్రపు ట్రాములు నడిపే కంపెనీ ఒకటి వాటిని టికెట్ డబ్బుల కింద తీసుకుని, కుప్పలు పడ్డాక మార్చి ఇమ్మని ఆయన దగ్గరికి వెళ్లింది. ఇవ్వనన్నాడు. చట్టంలో ఆయన్ని పట్టుకునే దారే లేదు. 1864లో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు నాణేలన్నింటినీ నిషేధించింది. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది, నూట అరవై ఏళ్ల నాటి మనిషి మీద. పేరు చెక్కించుకున్నవాడు కౌంటరు వెనకాల ఉండి లేదనడం ఏమిటి?

ఆ కోపంలోనే తాత పద్దు పుస్తకాలు తీశాను. పొడుగాటి పుస్తకాలు, ఎర్ర గుడ్డ అట్టలు, చెదలు తినగా మిగిలినవి పదకొండు. మా ఇంట్లో ఉగాదికి కొత్త పుస్తకం తెరుస్తారు. నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం. కిందటేడు నుంచి తెచ్చిన బాకీలు ముందు రాస్తారు: ఎవరెవరు మనకు ఇవ్వాలో, మనం ఎవరికి ఇవ్వాలో. మనం ఇవ్వాల్సిన వాటిలో ప్రతి ఏడూ మొదటి పంక్తి ఒకటే: "బయట ఉన్న బిళ్లలు". ఒక ఏడాది 41, ఇంకో ఏడాది 66. ఆయన ఆ బిళ్లల్ని పోయాయని అనుకోలేదు, లాభమని కూడా రాసుకోలేదు. ఎవరి మొలతాడుకో ఉన్న అప్పు అది.

చివరి పుస్తకం 1968 ఉగాదిది. ఆ తర్వాత సరుకు లారీల్లో రావడం మొదలై హమాలీల లెక్క మారిపోయింది, బిళ్లలు ఆగిపోయాయి. ఆ పేజీలో తాత చేతిరాతతో: బయట ఉన్న బిళ్లలు 163. పక్కన 10 రూపాయల 19 పైసలు. మొత్తం చేయించినవి రెండు వందలని మొదటి పుస్తకంలోనే ఉంది, ఇత్తడికీ చెక్కడానికీ ఇచ్చిన కూలితో సహా. రేకు డబ్బా మళ్లీ ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. ముప్పై ఏడు. మేం అష్టాచెమ్మా ఆడినా, అటక మీది నుంచి రెండుసార్లు కింద పడినా, యాభై ఏళ్లకు పైగా ఒక్కటి తగ్గలేదు.

నాయన నడిపిన రోజుల పుస్తకాల్లో ఆ పంక్తి లేదు. ఎందుకు వదిలేశాడో అడగడానికి ఆయన లేడు. ఆయన మాట తప్పిన మనిషి కాదు. నోట్ల రద్దప్పుడు నేను చిల్లర లేక గిరాకీలకు నలభై, అరవై అని చీటీలు రాసి ఇచ్చాను. ప్రతి చీటీకీ డబ్బులు కట్టే అలవాటు ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఒక హోల్‌సేల్ వ్యాపారి మాత్రం తను రాసిచ్చిన చీటీని ఆ తర్వాత నెలలో నా ముందే పక్కకు నెట్టేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే. జీఎస్టీ బిల్లులు, స్టాకు అన్నీ అందులోనే. అయినా ఉగాదికి ఒక పుస్తకం కొని పసుపు పెడతాను. ఈ ఏడు కూడా పెట్టాను. శ్రీకారం కింద, మనం ఇవ్వాల్సినవి అన్న చోట, మొదటి పంక్తిగా రాశాను: బయట ఉన్న బిళ్లలు 163, 10 రూపాయల 19 పైసలు. మా పిల్లోడు పక్కనుంచి చూసి, "అక్కా, ఎవరైనా తెస్తే ఎంతివ్వాలి?" అని అడిగాడు. నాలుగు తెస్తే పావలా లెక్క, ఒక్కటే తెచ్చినా ఏడు పైసలు, ఆ తర్వాత కూర్చోబెట్టి టీ తెప్పించి నన్ను పిలువు అని చెప్పాను. ముప్పై ఏడింటినీ కొత్త తాడుకు గుచ్చి గల్లా పెట్టెలో పెట్టాను. తలకట్టు లేని 'వ' అన్నిటికంటే పైన ఉంది.